కాశీలో వదిలేసిన బిళ్ళ

రోజు 412

పై ఆఫీసు వాళ్ళు పంపిన ఆరోగ్య పట్టికలో మనిషికి పదకొండు గళ్ళు. పదింటిలో అంకెలు, టిక్కులు. పదకొండోది ‘ఇతర వివరములు’. ఇక్కడికి వచ్చిన ఈ నాలుగు వందల రోజుల్లో ఆ గడిలో ఏం రాసినా ఇదేమిటని అడిగిన నాథుడు లేడు. ఒకసారి పరీక్ష చేద్దామని పులిహోర కలిపే విధానం రాసి పంపాను. ‘అందినది, ధన్యవాదములు’ అని జవాబు వచ్చింది. అందుకని ఇక నుంచి నా మనసులో ఉన్నది ఇక్కడే రాసుకుంటాను.

నా పేరు సువర్చల. చంద్రుడి దక్షిణపు కొసన ‘మూడో మిట్ట’ అనే మంచు గనిలో ఆరోగ్య సహాయకురాలిని. నూట ఎనభై మందిమి ఉంటాం. అందరం తెలుగువాళ్ళమే కాబట్టి నూట ఎనభై అభిప్రాయాలు కూడా ఉంటాయి. డాక్టరుగారు భూమ్మీద ఉంటారు. పదిహేను రోజులకోసారి తెర మీద కనిపించి ‘ఉప్పు తగ్గించండి’ అంటారు. మేం ‘అలాగేనండీ’ అని చెప్పి, అటునుంచి అటే మెస్సుకు వెళ్ళి ఆవకాయ వేసుకుంటాం.

ఇక్కడ మనిషి బరువు తక్కువ. నెత్తురు కాళ్ళ వైపు దిగడం మానేసి తలకెక్కుతుంది. దానికి ఆవకాయ తోడైతే ఇంకేముంది, ఏడాది తిరక్కుండానే డెబ్భై ఒక్క మందికి బీపీ, కొవ్వు రెండూ పెరిగాయి. వాళ్ళందరికీ జంటబిళ్ళ ఇస్తున్నాను. సగం తెలుపు, సగం పసుపు. తెల్ల సగం బీపీకి, పసుపు సగం కొవ్వుకి. రోజూ పొద్దున ఏడింటికి ఒకటి వేసుకుంటే చాలు. మా ఇంట్లో నేనూ వేసుకుంటాను, మా ఆయన పానకాలరావూ వేసుకుంటాడు. వేసుకునేవాడు అని రాయాలేమో ఇక.

సంగతేమిటంటే ఇక్కడ జనం మనసు కుదుటపడటానికని పై వాళ్ళొక గది కట్టారు. నాలుగు గోడలకీ తెరలు, కింద జానెడు లోతు గోరువెచ్చని నీళ్ళు. పన్నెండు ఊళ్ళు చూపించగలదు. సముద్రపు ఒడ్డుంది, మంచు కొండలున్నాయి. మావాళ్ళు మాత్రం కాశీ తప్ప ఇంకోటి పెట్టనివ్వరు. అందుకని దాన్ని కాశీ గది అంటాం. కాశీ అన్నాక ఏదో ఒకటి వదిలి రావాలి కదా. అందరూ కాకరకాయో పొట్లకాయో వదిలి వస్తారు. ఆ రెండూ ఇక్కడ మొలవవు.

ఈ రోజు మా ఆయన కూడా వెళ్ళి నుదుట విభూతితో వచ్చాడు. విభూతి కాదు, నా డిస్పెన్సరీలోని చెమటకాయల పౌడరు.

“ఏం వదిలారు?” అని అడిగాను.

“అందరూ మొలవని కూరల్ని వదిలేసి పుణ్యం కావాలంటన్నారు. అదేం దొంగ యవ్వారమే? నేను రోజూ నోట్లో ఏసుకునేదే వదిలేశా.”

“ఆవకాయా?” అన్నాను ఆశగా.

“బిళ్ళ” అన్నాడు.

రోజు 414

మా ఆయన బీపీ 146/90.

రెండు రోజులుగా చెబుతున్నాను. బతిమాలాను, తిట్టాను, నా మీద ఒట్టు అన్నాను. కాశీ ఒట్టు ముందు నీ ఒట్టెంత అన్నట్టు చూశాడు. “నాకేం కాలేదుగా” అన్నాడు. బీపీతో వచ్చిన చిక్కే అది. పంటి నొప్పిలాగా అరిచి చెప్పదు. లోపల లోపల తన పని తాను చేసుకుపోతుంది. మావాళ్ళకు అరిచేదంటేనే భయం.

చివరికి కాశీ గదిలో మంత్రాలు చదివే యంత్రం దగ్గరికే వెళ్ళాను. “పంతులుగారూ, మందుబిళ్ళ వదలడం శాస్త్రంలో ఉందా? అది కాయా, పండా? ఇష్టమైనది కదా వదలాలి?” అని అడిగాను. అది ఒక్క క్షణం ఆగి, “మీ కాశీ యాత్ర తృప్తికరంగా ఉందా? ఒకటి నుంచి ఐదు వరకు ఒక అంకె చెప్పండి” అంది. సున్నా అన్నాను. ‘ఆ అంకె లేదు’ అంది.

డాక్టరుగారు తెర మీదకు రావడానికి ఇంకా తొమ్మిది రోజులుంది. ఈలోపు ఎవరికి చెప్పుకోను?

రోజు 423

మెస్సులో వంట చేసే గున్నేశ్వరరావు శ్రీకాకుళం వాడు. వంటలో చెయ్యి మంచిది, నోటివాటం అంతకంటే మంచిది. ఈ రోజు నాకు అట్టు వడ్డిస్తూ అన్నాడు.

“ఏటి సువర్చలమ్మా, పానకాలు బాబు బిళ్ళ మానీసి పది దినాలు దాటిపోనాది. ఏటయినాది? ఏటీ అవనేదు. నువ్వేమో రోజూ గుండె, మెదడు అని అడలగొట్టీదానివి.”

“పది రోజుల్లో ఏమీ కాదు గున్నేశ్వరరావూ. అయ్యేది ఒక్కసారే అవుతుంది.”

“అయితే అప్పుడేసుకుందుంలే” అని ఇంకో అట్టు వేశాడు.

సాయంత్రం అతనూ కాశీ గదికి వెళ్ళి బిళ్ళ వదిలి వచ్చాడు. అతని వెనక యంత్రాల షెడ్డు వాళ్ళు పదహారు మంది వెళ్ళారు. వెల్డింగు జకరయ్య కాశీకి వెళ్ళడు కదా, పాపం ఏం చేస్తాడని చూశాను. ఈస్టరుకు ముందు ఉపవాసాలుండే శ్రమదినాల్లో ఏదో ఒకటి మానాలి కాబట్టి బిళ్ళ మానుతున్నానని ప్రార్థనలో చెప్పి వచ్చాడట. మతాల మధ్య ఇంత ఐకమత్యం నేనెప్పుడూ చూడలేదు. ఒకావిడ రోజూ అరగంట నడక కూడా వదిలేసింది. మాంసం కానీ మామిడికాయ ముక్క కానీ వదిలినవాళ్ళు ఒక్కరు లేరు.

ఈ పది రోజుల్లో ఒక్కొక్కరుగా మానినవాళ్ళను కూడా కలిపి లెక్క చూస్తే యాభై రెండు మంది మానేశారు. డెబ్భై ఒక్క మందిలో మిగిలింది పంతొమ్మిది మందిమి. మమ్మల్ని చూసి మిగతావాళ్ళు, అయ్యో ఇంకా మందుల మీదే బతుకుతున్నారా అన్నట్టు జాలిపడుతున్నారు.

తెర మీద డాక్టరుగారికి అంతా చెప్పాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని, “నచ్చజెప్పండమ్మా” అన్నారు. సమయం అయిపోయింది.

రోజు 430

మా ఆయన 164/98. గున్నేశ్వరరావు 170/100. కొలిచేటప్పుడు ఇద్దరూ తెలిసిన క్రికెట్ స్కోరు విన్నట్టు విన్నారు.

ఈ రోజు నెలాఖరు పట్టిక పంపాలి. ఏడో గడి: ‘జంటబిళ్ళ వాడుతున్నారా? అవును / కాదు’. యాభై రెండు మందికీ ‘కాదు’ అని టిక్కు పెట్టాను. అబద్ధం రాయలేను కదా. పదకొండో గడిలో మాత్రం పెద్ద అక్షరాలతో ‘అవసరం ఉంది, మొండికేసి మానేశారు, మందు ఆపవద్దు’ అని రాశాను.

సాయంత్రానికి మేనేజరు శశిభూషణ్ గారు మెస్సులో అందరినీ నిలబెట్టి చప్పట్లు కొట్టించారు. మందుల పొదుపులో చంద్రుడి మీదున్న తొమ్మిది మిట్టల్లోనూ మాకే మొదటి బహుమతి వచ్చిందట. వాడకుండా మిగిలిన బిళ్ళల డబ్బాలకు రిబ్బను కట్టించి, రేపు వెళ్ళే ఓడలో భూమికి తిప్పి పంపుతున్నారు. నేను వెళ్ళి, “సార్, అవి ఇక్కడే ఉండనివ్వండి, రేపు అవసరమవుతాయి” అన్నాను.

“సువర్చలగారూ, మీ కృషి వల్లే కదండీ ఈ బహుమతి! ఇంత వినయం పనికిరాదు” అన్నారు.

రిబ్బను నా చేతే కత్తిరింపించబోయారు. కత్తెర అక్కడ పెట్టి వచ్చేశాను. కోపంతో వచ్చేశాను కానీ, డబ్బాలు ఒంటి చేత్తో లాక్కుని రావాల్సింది.

రోజు 437

ఈ రోజు అసలు సంగతి బయటపడింది.

మా ఆయన ‘చీకటి గుంట’లో మంచు తవ్వే బండి నడుపుతాడు. సూర్యుడి వెలుగు ఎప్పుడూ పడని గొయ్యి అది. బండిలో ఒక్కడే ఎనిమిది గంటలు ఉండాలి. అక్కడ ఏదైనా అయితే మనిషి వెళ్ళి చేరడానికి గంటన్నర పడుతుంది. బీపీ పై అంకె 180 దాటినవాళ్ళకు బయటికి వెళ్ళే తలుపు తెరవకూడదని రూలు. ఈ రోజు 172/104. నేను బీపీ పట్టీ విప్పుతుంటే ఆయన బూట్లు కనిపించాయి. కొత్తవి, ఎప్పుడూ వేసుకునే వాటికన్నా పెద్ద సైజువి. అడిగితే మాట దాటేశాడు. గట్టిగా అడిగాను.

“ఆ బిళ్ళకి పాదాలు వాస్తన్నాయే. మానకముందు బూటు పట్టక ఈ పెద్దయ్యి తెచ్చుకున్నా. బయటికేసుకునే సూటుకి బూటు మార్చరు, అది పట్టకపోతే బండి దించేస్తారు. దించి మెస్సులో గిన్నెలు తోమిస్తారు. బూమ్మీదా ఇక్కడా కలిపి ఇరవయ్యేళ్ళ నుంచి బండి మీదే ఉన్నా గదా... కాశీ పేరు చెబితే ఎవురూ ఎందుకని అడగరని...”

నాకు ఏడుపొచ్చింది, ఆ తరవాత ఒళ్ళు మండింది. పాదాల వాపు ఆ మందుకు కొందరిలో ఉండేదే. ఒక్క మాట చెబితే డాక్టరుగారిని అడిగి మోతాదు మార్పించేదాన్ని. ఆ ఒక్క మాట చెప్పడానికి ఈయనకు నామోషీ. దానికి కాశీని, గంగను, యాభై ఒక్క మందిని వెంట తెచ్చాడు. తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నాడట, అలా ఉంది.

“ఇప్పుడైనా వేసుకోండి. చిన్న మోతాదుది తెప్పిస్తాను” అన్నాను.

“ఇప్పుడెట్టా? అందరూ నన్ను జూసే మానేశారు. నేనే మళ్ళీ మొదలెడితే ఏమనుకుంటారు?”

మొండివాడు రాజు కన్నా బలవంతుడంటారు. రాజుకు కనీసం మంత్రి ఉంటాడు.

రోజు 444

ఇక్కడ మనుషులు నెమ్మదిగా పడతారు.

పొద్దున ఎనిమిదిన్నరకు గున్నేశ్వరరావు పెనం మీద అట్టు తిప్పబోయాడు. కుడి చెయ్యి లేవలేదు. చేతి వంక ఆశ్చర్యంగా చూసుకున్నాడు. తరవాత ఒక పక్కకు ఒరగడం మొదలుపెట్టాడు. భూమ్మీదైతే దబ్బున పడిపోయేవాడు, చూసేలోపు అయిపోయేది. ఇక్కడ నేలకు చేరడానికి దానికి రెండింతల పైనే పట్టింది. మెస్సులో అరవై మందిమి చేతిలో ముద్దలతో అతను పడటం మొదటి నుంచి చివరి దాకా చూశాం. అట్టు మాడిన వాసన వచ్చేదాకా ఎవరం కదల్లేదు.

210/124.

ప్రాణం దక్కింది. మెదడులో నరం దెబ్బతింది. కుడి చెయ్యి, కుడి కాలు రావడం లేదు. నోటివాటం గల మనిషికి మాట కూడా పోయింది. ఎంత కూడదీసుకున్నా ‘ఏటి’ అన్న ఒక్క మాటే వస్తోంది. నొప్పికి ఏటి, దాహానికి ఏటి, నన్ను చూసి ఏటి.

మా ఆయన డ్యూటీ నుంచి సూటు కూడా విప్పకుండా వచ్చాడు. మంచం పక్కన రెండు గంటలు కూర్చున్నాడు. ఇంటికి వస్తూ దారిలో అన్నాడు.

“నన్ను జూసే గదే మానేశాడు.”

కాదని చెబుదామనుకున్నాను. చెప్పలేదు. అవును కాబట్టి.

రోజు 445

పొద్దున ఏడింటికి డిస్పెన్సరీ తలుపు తీస్తే యాభై ఒక్క మంది వరసలో ఉన్నారు. అందరికన్నా ముందు మా ఆయన. ఎవరికీ కాశీ గుర్తు లేదు. జకరయ్య అయితే, “అమ్మా, శ్రమదినాలు అయిపోయినట్టే లెక్క” అన్నాడు. నాకు నవ్వొచ్చింది, ఆనందం వేసింది. స్టోరు గది తెరిచి మూడు రోజుల కిందట ఓడలో వచ్చిన పెట్టె విప్పాను.

పంతొమ్మిది డబ్బాలున్నాయి. అత్యవసరానికని ఇంకో రెండు.

మళ్ళీ లెక్కపెట్టాను. డబ్బాలు ఎన్నిసార్లు లెక్కపెట్టినా పెరగవు. తరవాతి ఓడ తొంభై రెండు రోజులకు. పరుగున మేనేజరుగారి దగ్గరికి వెళ్ళాను.

“మీరే కదండీ యాభై రెండు మందికి ‘కాదు’ అని టిక్కు పెట్టింది? వాడనివాళ్ళకు మందెందుకు పంపుతారు?” అన్నారు.

“పదకొండో గడిలో రాశాను కదా!”

ఆయన నా వంక జాలిగా చూశారు. “ఆ గడి ఎవరూ చదవరండీ. ఫారం నిండుగా కనబడాలని పెట్టారు.”

ఎవరూ చదవరని ఈ మిట్ట మీద అందరికంటే ముందు తెలిసింది నాకే. పులిహోర పంపి మరీ తెలుసుకున్నాను. తెలిసి కూడా యాభై రెండు మంది ప్రాణాలను తీసుకెళ్ళి ఆ గడిలోనే పెట్టాను. పై ఆఫీసుతో నేరుగా మాట్లాడతానని పట్టుబట్టాల్సింది. డాక్టరుగారిని ఇంకోసారి వేధించాల్సింది. రాసేశాను కదా, నా బాధ్యత తీరిందని ఊరుకున్నాను. మావాళ్ళు నీళ్ళలో మునిగి వదిలించుకున్నారు, నేను కాగితం మీద వదిలించుకున్నాను. తేడా ఏముంది?

వెంటనే పంపమని వార్త పెట్టాం. ‘మీ విన్నపం మాకు ఎంతో ముఖ్యమైనది’ అని జవాబు వచ్చింది. ఇంకో ఓడ లేదు. డాక్టరుగారిని అప్పటికప్పుడు తెర మీదకు రప్పించాను. డబ్బా ఉన్నవాళ్ళు తమ బిళ్ళలు తామే వేసుకోవాలి, మిగతావాళ్ళు ఉప్పు పూర్తిగా మానాలి, రోజూ నడవాలి, బయటి పనికి వెళ్ళకూడదు అన్నారు. అత్యవసరం డబ్బాలు రెండూ గున్నేశ్వరరావుకు రాశారు.

మధ్యాహ్నం మెస్సులోని ఆవకాయ జాడీలన్నీ నా డిస్పెన్సరీలో పెట్టి తాళం వేశాను. యాభై ఒక్క మంది పొడవాటి నడవాలో అటూ ఇటూ నడుస్తున్నారు. చప్పిడి పప్పు తిని, ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. ఇక్కడ ఆకులు కూడా లేవు.

మా ఆయన 184/110. బండి దించేశారు.

రోజు 446

నా డబ్బాలో తొంభై రెండు బిళ్ళలున్నాయి. రాత్రంతా ఆలోచించాను. డాక్టరుగారు ఎవరివి వాళ్ళే వేసుకోమన్నారు. ఆయనకేం, పడేది ఆయన ఇంట్లోవాళ్ళు కాదు కదా. బిళ్ళతో నా బీపీ 128/82. బిళ్ళ లేకముందు 165 ఉండేది. మా ఆయనది 184. అంకెలు చూసుకుంటే ఎవరికి ముందు ఇవ్వాలో చిన్నపిల్లలు కూడా చెబుతారు.

ఏడింటికి ఒక బిళ్ళ, గ్లాసుడు నీళ్ళు ఆయన ముందు పెట్టాను. ఆయన వాటిని నా వైపుకు జరిపాడు.

“నేను కాశీలో వదిలేశా గదే.”

“ఆ తెరల కాశీయా? ఆ జానెడు నీళ్ళా? నిన్న వరసలో అందరికన్నా ముందు నిలబడ్డప్పుడు ఏమయింది ఈ కాశీ?”

“నిన్న స్టోరులో ఉన్నయ్యనుకున్నా. ఇయ్యి నీయి.”

నేను బిళ్ళను కత్తితో మధ్యకు కోయబోయాను. తెల్ల సగం మీరు వేసుకోండి, పసుపు సగం నేను వేసుకుంటాను, ఇద్దరికీ సరిపోతుంది అన్నాను. ఆయన నా చెయ్యి పట్టుకుని ఆపాడు.

“తెల్లదే గదా అసలుది? ఇప్పుడు మనిషిని నిలబెట్టేది అదే. ఆ మాత్రం తెలవదనుకున్నావా? నన్ను మోసం జేస్తన్నావు.”

పట్టుబడ్డాను. ఇన్నాళ్ళూ బిళ్ళ గురించి నేను చెప్పింది ఒక్క ముక్క కూడా వినలేదనుకున్నాను. అన్నీ విన్నాడన్నమాట, దొంగ.

“మీకు నా కంటే ఎక్కువుంది. వినండి, ఈ ఒక్కసారి వినండి” అని అరిచాను. పక్కింటివాళ్ళు వింటున్నా సరే అనుకున్నాను.

ఆయన అరవలేదు. “సువర్చలా, అప్పుడు నాకిష్టం లేందాన్ని వదిలా. అదొక వదలడమా? ఇప్పుడు గున్నేశ్వరరావుని జూశాక, నిజం చెబుతన్నా, నాకు బయమేస్తంది. ఆ బిళ్ళ కావాలనుంది. చానా కావాలనుంది. ఇదిగో, ఇప్పుడు వదులుతన్నా” అన్నాడు.

అని బిళ్ళ తీసి నా నోట్లో పెట్టాడు. ఉమ్మేద్దామనుకున్నాను. ఆయన గ్లాసు నా పెదాలకు ఆనించి అలాగే పట్టుకున్నాడు. నీళ్ళు ఒలికి చీర మీద పడుతున్నాయి. మింగాను.

“నోరు దెరువు” అన్నాడు. తెరిచాను. “నాలిక ఎత్తు” అన్నాడు. ఎత్తాను. కింద ఏమీ దాచలేదని రెండు పక్కలా వంగి చూశాడు. ఆ తరవాత మూతి తుడిచి, బూట్లేసుకుని, మిగతా యాభై మందితో కలిసి నడవడానికి వెళ్ళాడు.

డబ్బా మూత పెట్టాను. తొంభై ఒకటి ఉన్నాయి. రేపు పొద్దున ఏడింటికి ఆయన మళ్ళీ గ్లాసు పట్టుకుని నిలబడతాడు.